ఖాళీ పట్టీ

పోయిన ఆశ్లేష కార్తెల, ముసురు పట్టిన పగటిపూట
ఒక పిలగాడు బియ్యం సంచిల చుట్టి తెచ్చిండు దాన్ని.
"అక్కా, వెండేనా? కరిగిస్తె ఎంతొస్తది?"
సంచి నోరు విప్పంగనే
నాకు ముందుగాల కప్పు కనపడలె,
మా నాయిన 'క' కనపడ్డది.
కొక్కెం లెక్క వంగి, చివరకొచ్చి కొంచెం తడబడే 'క'.
వరంగల్ చౌరస్తల అట్ల కొట్టే చెయ్యి ఇంకోటి లేకుండె.

పాకాల కప్పు.

పెండ్లి బిందెల మీద, తాంబాళాల మీద
పేర్లు కొట్టి బతికిన ఔసుల సోమాచారికి
ఏడాదికొక్కసారి ఫుట్‌బాల్ పని.
ఫైనల్ తెల్లారి కప్పు దుకాణానికొచ్చేది,
గెలిచినోళ్లు ఎనుక నిలబడేది,
ఒత్తు తప్పుతదేమోనని ఊపిరి బిగబట్టి.

వేలు పెట్టి చదివిన.
యాభై నాలుగు, మిల్లు.
యాభై అయిదు, మిల్లు.
యాభై ఆరుల కాజీపేట లోకో షెడ్డు.
అరవై ఒకటి కాడ
ఒక్క గీత మీద రెండు పేర్లు, ఒకదాని నెత్తిన ఒకటి.
ఆ కత నాకెరుకే.
నాలుగు గంటల సైరన్ మొత్తుకుంటుంటె
రెఫరీ ఊదిన ఈల ఒక్కరికీ ఇనపడలె.
ఫైర్‌మన్ డెన్జిల్ ఉరుక్కుంట పోయి గోల్ కొట్టిండు.
స్పిన్నింగ్ ఖాతా గౌసుద్దీన్ బంతిని చంకల పెట్టుకొని
పొద్దుమూకెదాంక గ్రౌండ్ మీదనే కూసున్నడు.
కప్పు నెల రోజులు పోలీస్ స్టేషన్ల ఉండె.
నాయిన రెండు పేర్లూ కొట్టి
రెండింటికీ పైసలు తీసుకున్నడు.

అరవై తొమ్మిదిల పేరు లేదు, అడ్డగీత.
ఆ ఏడు ఊరంత సడకు మీదుండె,
బంతి ఎవరికి గావాలె.

డెబ్బై మూడు, బెల్లంపల్లి.
ప్యాసింజర్ బండిల వచ్చిండ్రు గని వాళ్లు,
గోర్లల్ల బొగ్గు పోనోళ్లు.
ఫుల్‌బ్యాక్ ఓదెలు బూట్లు మెడల ఏసుకొని
ఉత్త కాళ్లతోని ఆడిండట.
"బూట్లు కంపెనీయి, అరిగితె జీతంల కోస్తరు."
గెలిచిన రాత్రి కప్పు నిండ కల్లు పోసుకున్నరు,
కడగకుంటనే తెచ్చిండ్రు.
వారం దినాలు దుకాణమంత పులిసిన వాసన.
అమ్మ తిట్టింది, నాయిన ముసిముసిగ నవ్విండు.
నాకప్పుడు ఆరేండ్లు,
ఆ వాసనే నాకు ఫుట్‌బాలంటె.

ఆ తర్వాత పేర్లు పొట్టిగైనయి.
లోతు గూడ తగ్గింది, నాయిన కండ్లు తగ్గినట్టే.
ఎనభై అయిదుల వచ్చింది మూడే జట్లు.
ఎనభై ఆరుల గ్రౌండ్ సగం ఎగ్జిబిషనోళ్లు గుంజిండ్రు,
జెయింట్ వీల్ నీడల కార్నర్ కిక్.
కప్పు మీద జాగ అయిపోయింది.
సెక్రెటరీ సారు అడిగితె నాయిన
అడుగున కొత్త ఇత్తడి పట్టీ చుట్టి రివిట్లు కొట్టిండు.
"ఇరవై ఏండ్లకు సరిపోతది సారూ."
ముప్పై అయిదు రూపాలు. ఖాతాల రాసుకో అన్నడు సారు.

ఎనభై ఏడుల కప్పు రాలె.
బందయిందని ఎవరూ చెప్పలె,
మాఘమాసం రాంగనే నాయిన ఉలి నూరి పెట్టుకునేది
చనిపోయేదాంక.

ఇప్పుడు నా దుకాణంల యాక్రిలిక్ షీల్డులు.
కంప్యూటర్ రాస్తది, లేజర్ కాలుస్తది,
అందరి 'క' ఒక్కతీరుగనే ఉంటది.

గీటురాయి మీద రుద్దిన.
"వెండి గాదు తమ్ముడూ, ఇత్తడి. మీద వెండి నీళ్లు."
వాని మొఖం వాడిపోయింది.
సెక్రెటరీ సారు మనవడట.
పట్టీ తుడుద్దామని గుడ్డ తీసుకున్న.
ఖాళీ అనుకున్న, ఖాళీ కాదు.
మొదటి గీత మీద, సూదిమొనతోని గీకినట్టు సన్నగ
1987.
దాని పక్కన ఒక్క అక్షరం, 'కా'.

మిల్లు గోడ పక్కన పుట్టినోడు,
మిల్లు గెలిస్తె వాడకంత బెల్లం పంచినోడు,
లోపల్లోపల కాజీపేట మనిషా మా నాయిన?
ఎవరినడుగుదు.

తక్కెట్ల పెడితె రెండు కిలోల మూడు వందలు.
ఇత్తడి రేటు కట్టి
ముప్పై అయిదు రూపాలు పట్టుకొని
మిగిలినయి వాని చేతుల పెట్టిన.