తాలింపుకి ఎంతమంది?

నార్మంటన్ రోడ్డులో, మిఠాయి కొట్టు పక్కనే
హర్‌జీవన్ గారి కంప్యూటర్ షాపు.
అద్దాల బల్ల మీద రెండు డబ్బాలు పెట్టి
చేతులు కట్టుకున్నాడు.
"ఇందులో కోర్లు ఎనిమిది, ఒక్కొక్కటీ చిరుత.
ఇందులో పదహారు, ఒక్కొక్కటీ... బాగానే నడుస్తుంది.
ధర ఒకటే. మీ పనేమిటో చెప్పండి."

అదే చిక్కు.
పనులు రెండు, కొనేది ఒకటి.

శశిభూషణ్ బొమ్మల్ని నడిపిస్తాడు.
ఒక నక్క ఏరు దాటాలంటే రెండొందల నలభై ఫ్రేములు.
మూడో ఫ్రేముకి ముప్ఫయ్యో దానితో పేచీ లేదు;
తలొకటీ పంచుకుని రంగులద్దుకుంటూ పోవచ్చు,
కూలీలు వరసగా మునుం పట్టినట్టు.
ఎంతమంది దిగితే అంత వేగం గట్టెక్కుతారు.

నాది రైళ్ళ పని.
మంచు పడ్డ ఒక ఉత్తుత్తి సోమవారం
డెర్బీ స్టేషన్లో ఏ బండి ఎంత ఆలస్యమో లెక్కగట్టాలి.
షెఫీల్డ్ బండి మూడో ప్లాట్‌ఫారం వదిలితే గాని
నాటింగ్‌హామ్ బండికి సిగ్నల్ పడదు.
అది వచ్చి ఆగితే గాని
అందులోంచి దిగే డ్రైవరు క్రూ బండి ఎక్కలేడు.
ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని నడిచే లెక్క.
పదహారు మందిని పిలిచినా
ఒకడు చెమటోడుస్తాడు,
పదిహేను మంది గోళ్ళు గిల్లుకుంటారు.
పదిమంది చేరితే పాము చావదనే మాట
ఏ రైల్వే గుమాస్తా కనిపెట్టాడో.

"ఉల్లిపాయలు పదిమందీ తరగొచ్చు," అన్నాను నేను,
"తాలింపుకి ఒక్క చెయ్యే.
ఆవాలు చిటపటమనకుండా ఇంగువ పడదు.
కాబట్టి ఎనిమిదే."

శశి ఒక్క నిమిషం డబ్బా మీది అక్షరాలు చదివాడు.
"ఇంతకీ నీ మంచు సోమవారాలు ఎన్ని?"
నాలుగొందలు, అన్నాను.
ఒక్కో దాంట్లో మంచు ఒక్కో తీరున పడుతుంది కదా మరి.
"ఈ సోమవారం ఆ సోమవారం కోసం ఎదురు చూస్తుందా?"

నేను మాట్లాడలేదు.
ఆరేళ్ళ నుంచి ఒకే పొయ్యి మీద
నాలుగొందల తాలింపులు
ఒకదాని తరవాత ఒకటి పెడుతున్నాను.

"అయితే పదహారే తీసుకుందాం," అన్నాను.
"వద్దు," అన్నాడు తను.
"నక్క కాలు పట్టుకుని లాగితే
తెర మీద అరక్షణం తరవాత కదులుతుంది.
ఎముక కదిలాకే తోలు కదలాలి, తోలు కదిలాకే బొచ్చు.
అక్కడ నాకూ ఒక్కటే చెయ్యి.
పగలంతా ఆ అరక్షణాలు ఏరుకుంటూ కూర్చుంటున్నాను."

వచ్చేటప్పుడు ఎవరి డబ్బా కోసం వాళ్ళం వచ్చాం.
ఇప్పుడు నా డబ్బా కోసం తను,
తన డబ్బా కోసం నేను.
హర్‌జీవన్ గారు మూడు టీలు తెప్పించాడు.
బయట వాన, బస్సు అద్దాల మీద గీతలు.

చివరికి ఆయనే అన్నాడు, చక్కెర కలుపుతూ:
"మెలకువలో ఎదురు చూసేది ఏ పని?
నిద్రపోతుంటే అయిపోయేది ఏ పని?
నిద్రపోయేవాడికి ఆలస్యం తెలీదమ్మా."

ఎనిమిదే తెచ్చుకున్నాం.
నక్క కాలు ఇప్పుడు చెప్పిన మాట వింటోంది.
నా ఒక్కో సోమవారం చకచకా తెల్లారుతోంది.

రాత్రి దీపాలార్పాక వంతుల పేచీ.
నిన్న నాది.
మెట్ల కింది గదిలో ఫ్యాను హోరు,
ఎనిమిదేసి చొప్పున సోమవారాల మీద మంచు.
తెల్లారి ఆరింటికి లేచి చూద్దును కదా,
నాలుగొందలూ పూర్తి;
శశి నక్క మాత్రం
ముందు కాలు ఎత్తి
ఏటి మధ్యనే నిలబడి ఉంది,
తన వంతు కోసం.