లావు

రాజమొగిలి అంగీ విప్పగానే
ఎకో గదిలో మిర్చి ఘాటు లేచింది.
నాకు మూడు తుమ్ములు. ఆయనకు నవ్వు.
"ఏం జేత్తం బిడ్డా, తానం జేసినా పోదు."
ఎనుమాముల యార్డులో ముప్పై ఏండ్ల హమాలీ,
ఎడమ భుజం కుడిదానికన్నా రెండు వేళ్లు ఎత్తు.

జెల్ చల్లదనానికి ఉలిక్కిపడ్డాడు.
తెర మీద గోడ కొలిచాను: పదహారు మిల్లీమీటర్లు.
పదకొండు దాటొద్దు.
గోడలు లోపలికి పెరిగిన ఇంట్లో
నెత్తురు ఒంగి నడుస్తోంది.

"గుండె లావయిందంటవు. లావంటే మంచిదే గదా?"
నిజమే. మన పాత మాటల్లో లావంటే బలం.
ఈ మిషనుకు ఆ తెలుగు రాదు.

ఎట్లా చెప్పాలి?
బీపీ గోలీలు మానేసిన ఏడేండ్లూ
ఎదురొచ్చిన బరువుకు
కణం లోపలి పొయ్యిల్లో రవ్వలెగిరాయి.
పుండు మీద పోస్తే నురగలు కక్కే నీళ్లుంటాయే,
అవే నీళ్లు, కంటికి ఆనని చుక్కలు,
కణం తనకు తానే కాచుకుంది.
విషమని చదువుకున్నాను మొదట.
కాదు, కబురు.

జన్యువుల గదిలో ఒక కాపలాదారు ఉంటాడు.
వాని ఒంటి మీద రెండు గంధకాలు.
కబురు తాకితే అవి ముడిపడతాయి,
దబ్బనంతో బస్తా మూతి కుట్టినట్టు.
ఒళ్లు వంకరపోయి వాడు గది విడిచిపోతాడు.
అప్పుడు లేస్తాయి
తల్లి కడుపులో ఉన్ననాటి జన్యువులు,
పెరుగు, ఇంకా పెరుగు అంటూ.
కుట్లు విప్పే ప్రొటీన్ కూడా ఉంది, లేకేం,
రాత్రంతా విప్పుతూనే ఉంటుంది.
తెల్లారితే మళ్లీ బరువు.

ఇందులో ఒక్క ముక్కా ఆయనతో అనలేదు.
"భుజం మీద కాయగాసింది చూడు,
లోపల గూడ అట్లనే" అన్నాను.
చెయ్యి వెనక్కి పోనిచ్చి కాయను తడుముకున్నాడు,
పెంచుకున్న జీవాన్ని నిమిరినట్టు.
"ఇది లేకుంటే మొదటి ఏడే కూలబడెటోణ్ని."

గుండెకు నోరుంటే అదీ ఇదే మాట అనేది,
మొదట్లో.

రిపోర్టును నాలుగు మడతలు పెట్టి
తక్‌పట్టీల మధ్య దోపుకున్నాడు.
"డాక్టరమ్మ మోసుడు ఆపుమంటదా?"
అంటదని నాకు తెలుసు.
"ఎల్లుండి తేజ మిర్చి దిగుతది" అన్నాడు,
నన్ను కాదు, గోడను చూస్తూ.

తర్వాతి ఆమె
మంచమెక్కకముందే తుమ్మింది.