ఉప్పూ బొగ్గూ ఒక బిందెడు నీళ్ళూ

జెఫన్యా ఆంప్లిఫయర్‌ని ఆటోలో తెచ్చాడు,
సీటు మీద పెట్టకుండా, ఒళ్ళోనే.
"నేను వాయించకపోయినా వాయిస్తోంది మావా" అన్నాడు.

స్విచ్చి వేశాను.
ఒక్కటే మూలుగు,
హార్మోనియంలో రెండు మెట్ల సందున ఇరుక్కున్న స్వరం.

జ్ఞానాపురంలో మేడమెట్ల కింద నా కొట్టు.
రైలు పోయేదాకా చేతులు కట్టుకు కూచుని
పోయాక మళ్ళీ చెవి పెడతాను.
ముతకగా గుర్రుపెడితే కెపాసిటర్లు ఎండిపోయినట్టు.
సన్నగా గీరితే ట్యూబులైటు చోకు.
తీగల మీద చెయ్యి వేస్తే తగ్గి, తీస్తే పెరిగితే
అది నేల కోసం తడుముకుంటున్నట్టు.
ఆ కాసేపూ వాయించేవాడి ఒళ్ళే దానికి నేల.

ప్లగ్గు చూద్దును కదా,
లావుపాటి మూడో కాలు తెగ్గోసి ఉంది.
"చర్చిలో బోర్డుకి రెండే కన్నాలు."
పాట మధ్యలో మైకు పెదవికి తగిలి చురుక్కుమంటే
దేవుడు పలకరించాడనుకున్నాడట, వెర్రినాగన్న.

విప్పాను.
రాగి మీద పచ్చటి చిలుము,
ఓడరేవు పొడి వేలికి కాటుకలా అంటింది.
ప్లగ్గు పీకినా కెపాసిటర్లు కాసేపు కరుస్తాయి,
వాటిని ఖాళీ చేసి, పాతవి తీసి, కొత్తవి వేశాను.
హీటరు తీగల్ని జడలా పేనాను.
మూడుకాళ్ళ ప్లగ్గు బిగించాను.
మూగబోయింది.

మర్నాడు పొద్దున్నే ఫోను:
"మీ కొట్లో బుద్ధిగా ఉంది, మా ఇంట్లో మళ్ళీ మొదలెట్టింది."

కంచరపాలెం, కొండవాలు, తొంభై రెండు మెట్లు.
నలభై దగ్గర ఒకసారి కూచున్నాను.
గోడలో మూడు కన్నాల సాకెట్టే ఉంది.
ఫేజుకీ ఎర్తుకీ మధ్య టెస్టు లాంపు పెడితే
మిణుకుమని, సిగ్గుపడ్డట్టు వెలిగింది.
ఆకుపచ్చ తీగ పట్టుకుని బయల్దేరాను.
కిటికీ దాటి, కోళ్ళ గూడు వెనక,
పగిలిన పెంకుల కుప్ప కింద
ఒక ఇనప గొట్టం, దాని చుట్టూ నెర్రెలిచ్చిన మట్టి.

ఇంటామె నూకరత్నం కొంగు బిగించుకుని వచ్చింది.
"మా ఆయన పాతిందే. షిప్‌యార్డులో ఎలట్రీసియను.
ఉప్పూ బొగ్గూ ఏసి పాతాడు.
ఎండల్లో బిందెడు నీళ్ళు పొయ్యమనీవోడు.
ఇప్పుడు తాగడానికే రెండ్రోజులకోపాలి వస్తన్నాయి,
గొట్టానికేటి పోస్తాం?"

నేనేం మాట్లాడతాను.
కింద ఊరి అంచున సముద్రం మెరుస్తోంది.
గాలిలో ఉన్న ఉప్పు
ప్రతి తీగనీ తింటోంది,
ఈ అడుగు వెడల్పు గోతిలో మాత్రం చిటికెడు లేదు.

క్లాంపు గరుకు కాయితంతో తోమాను.
జెఫన్యా రెండు కిలోల కల్లుప్పు తెచ్చాడు,
ఇస్త్రీ బండి దగ్గర సంచెడు బొగ్గులు.
నీళ్ళు మాత్రం ఎవరమూ అడగలేదు.
నూకరత్నమే లోపలికెళ్ళి బిందె ఎత్తుకొచ్చింది.
సగం పోసింది.
ఆగింది. గొట్టం వంక చూసింది.
"ఇదిగో, తాగు" అని గొణిగి
మిగతా సగమూ పోసేసింది.

లోపల మూలుగు సన్నబడింది,
మెట్లు దిగి వెళ్ళిపోయేవాడి దగ్గులా.
తరవాత
పక్కింట్లో పప్పు తాలింపు వినబడింది,
కింద యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి తట్టుకోవడం వినబడింది.

జెఫన్యా మెల్లగా మీటాడు. మొహం ముడిచాడు.
మళ్ళీ మీటాడు.
మూడో తీగ శ్రుతి దిగి ఉంది,
ఎన్ని ఆదివారాల నుంచో మరి.

"ఏటి, మళ్ళీ పాడయిపోనాదా?"
గుమ్మంలోంచి నూకరత్నం, చంకలో ఖాళీ బిందె.

వాడు పలకలేదు.
తల వంచి, చెవి తీగకి ఆనించి
బిరడా తిప్పుతున్నాడు.