నీళ్ల ఫోటో

వ్యాను పంటు ఎక్కాక
నతానియేలు అన్న నా చేతిలో ఒక కాగితం పెట్టాడు.
కావలసిన ఫోటోలు:
నవ్వే పిల్లలు, మూసిన కళ్లు, ఎత్తిన చేతులు,
బియ్యం సంచీ అందుకుంటున్న ముసలివాళ్లు.
సంచీ మీద మన సంఘం పేరు కనబడాలి.
కాగితం కింద గోదావరి కదిలింది.

విజయవాడలో ఫోటోగ్రఫీ రెండో సంవత్సరం నేను.
కెమెరా కాలేజీది, లెన్సు అరువు,
విశ్వాసం మా అమ్మది.
ఆవిడ ఆదివారపు జాకెట్టులా వేసుకొచ్చాను,
ఇంకా నా కొలతకి కుట్టు పట్టించుకోలేదు.

ఇసకలంకలో ఎనిమిది రోజులు.
పొద్దున్నే రేకుల మందిరంలో పిల్లల బడి,
నోవహు ఓడకి రంగులు.
"నీళ్లు ఎంతదాకా వచ్చాయి పిల్లలూ?"
అంది మా టీచరమ్మాయి, బొమ్మ పైకెత్తి.
చేతులన్నీ గోడవైపు లేచాయి.
సున్నం మీద మట్టిగీత, నా భుజం ఎత్తున,
పోయినేడాది ఆగస్టుది.
ఆ చేతుల్ని తీశాను.
ఎత్తిన చేతులు, జాబితాలో ఉన్నవేగా.

మూడో రోజు బాప్తిస్మం.
ఏసీ వ్యానులోంచి దిగిన లెన్సుకి
ఏటి ఉక్క తగిలి చూపు మసకేసింది.
చున్నీ కొసతో తుడిచేలోపు
పెయ్యల రూబేను మునిగి లేచాడు.
నాకు దొరికింది అతని చెవిలోంచి కారే నీరు,
అతని చెప్పులు పట్టుకుని ఒడ్డున నిలబడ్డ పెళ్లాం.
"ఇంకొక్కసారి మునగమందామా?" అన్నాడు అన్న.
పాస్టరుగారు నావైపు చూశారు, ఏటివైపు చూశారు,
తువ్వాలు పిండుకుంటూ వెళ్లిపోయారు.

సరెళ్ల దీనమ్మ బియ్యం తీసుకుంది.
సంచీ తిరగేసి పట్టుకుంది, పేరు పొట్టకి ఆనేలా.
తిప్పమన్నాను, తిప్పింది.
నవ్వమన్నాను.
"నవ్వితే ఇంకో సంచీ ఇత్తారేటే?"
అందరూ నవ్వారు, ఆవిడ తప్ప.

తర్వాత నా మణికట్టు పట్టుకుని నడిపించింది,
కొబ్బరిచెట్లు సగం వేళ్లు గాల్లో పెట్టుకుని
ఏటి మీదకి వాలిపోయిన చోటికి.
"పోయినేడు వచ్చినోళ్లూ తీశారమ్మా,
అంతకుముందు వచ్చినోళ్లూ.
ఒక్క ఫోటో మళ్లీ ఏరు దాటి రాలేదు.
నాది వద్దులే. అదిగో, అక్కడ తియ్యి."

"ఎక్కడ మామ్మా?"

"ఆ సుడి పక్కన. వంటపాక.
దానికిటు మా ఆయన మంచం.
కూసింత ఎడంగా పాత మందిరం, గంట స్తంభం.
బీరపాదు కూడా ఉండేది,
అది పడకపోయినా పర్లేదు."

కెమెరాలో గోధుమరంగు నీళ్లు.
ఫోకస్ పట్టుకోవడానికి ఏమీ లేక
లెన్సు ముందుకీ వెనక్కీ మూలిగింది.
పక్కనే ఆవిడ
పైట సర్దుకుంది, తను అందులో లేకపోయినా.
ఇల్లు ఎన్ని అడుగుల దూరమో అడిగి
చేత్తో అంత దూరానికి తిప్పి, నొక్కాను.

"పడిందా?"
తెర చూపించాను.
చెయ్యి అడ్డుపెట్టి చాలాసేపు చూసింది.
"గంట స్తంభం కోసేశావే పిల్లా."

ఒక అడుగు వెనక్కి వేశాను.
మళ్లీ తీశాను.

ఆఖరి రాత్రి సాక్ష్యం చెప్పమన్నారు.
మైకు పట్టుకుని, కాళ్ల మీద దోమలు,
దేవుడు నాతో మాట్లాడాడని చెప్పలేకపోయాను.
మాట్లాడలేదని కూడా
నోరు రాలేదు.

రిపోర్టుకి నలభై ఫోటోలు వెళ్లాయి.
స్టూడియో కుర్రాడు నా ప్రింటు అటూ ఇటూ తిప్పి
"ఖాళీగా వచ్చిందక్కా, దీనికి డబ్బులొద్దులే" అన్నాడు.
డబ్బులిచ్చాను.
కవరు మీద దీనమ్మ పేరు రాశాక
ఇంటి నంబరు దగ్గర కలం ఆగింది.
మందిరం పక్కన, అని రాశాను.
ఏ మందిరమో పోస్టుమ్యానుకి తెలిసే ఉంటుంది.