చీకటైతే పాసు

డిసెంబరు వాన. రాత్రి పదకొండున్నర.
నువేవా హెల్వేసియా పాల ఫ్యాక్టరీలో
మూడో షిఫ్టు లేబు నాది.
రేకుల కప్పు మీద చినుకులు పడుతుంటే
నా పిప్పెట్టు చప్పుడు నాకే వినపడదు.

ముప్పై డిగ్రీల గదిలో రెండు రోజులు పొదిగిన
పాల పెట్టెలు అరవై.
కత్తెరతో మూల కోసి
ఒక్కోదాంట్లోంచి ఓ బొట్టు తీస్తాను.
ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు,
అన్నం సంగతి తెలిసిపోతుందంటారే,
ఆ లెక్క ఇక్కడ చెల్లదు.
యాభై తొమ్మిది మంచివైనా
అరవయ్యోదానికి పూచీ పడవు.

నూట నలభై డిగ్రీలు, నాలుగే సెకన్లు.
ఆ వేడిలోంచి నడిచొచ్చాక
ప్రాణమున్నదేదీ మిగలకూడదు.
కానీ పాతర గడ్డిలోంచో, పొదుగు మీది మట్టిలోంచో వచ్చిన
మొండి విత్తనం ఒకటి
గుల్ల బిగించుకుని
కాగడం అయ్యేదాకా నిద్ర నటిస్తుంది.

మా పాత పెద్దాయన ఎవరీస్తో గుగెల్మయర్
అగారు పళ్ళేలు పరిచి ఐదు రోజులు కూచునేవాడు.
మూత తీసి వాసన చూసి
"తొందరేముంది, అవే పలుకుతాయి" అనేవాడు.
పలికేవి, నిజమే.
అప్పటికి గోదాములో కాలు పెట్టడానికి చోటుండేది కాదు.

ఇప్పుడు నాకు అరగంట చాలు.
మిణుగురు పొట్టలోని మెరుపు
పొడి అయి సీసాలో వస్తుంది.
పాలబొట్టులో కలిపితే
లోపల బతికున్నది ఏదైనా సరే
తన కూడు తనే వెలిగించుకుని
దొరికిపోతుంది.
చిన్నప్పుడు రొసారియో ఏటి ఒడ్డున
జాము సీసాలో పట్టి మూతకి చిల్లులు పొడిచేవాళ్ళం.
అవి తోడు కోసం పిలుస్తున్నాయని
అమ్మమ్మ చెబితే
ఆ రాత్రే వదిలేశాను.

అందరూ వెలుగు కోసం మొక్కుకుంటారు.
నేను షిఫ్టుకి అరవై సార్లు
చీకటి రావాలని కోరుకుంటాను.
తెర మీద సున్నాని ఆనుకుని చిన్న అంకె.
చీకటైతే పాసు.

నలభై ఒకటో గుంట మెరిసింది.
నా కంటికి కాదు, యంత్రానికి.

విల్మార్ గుమ్మంలో నించున్నాడు.
"లారీ స్టార్టయి ఉంది, ఎర్మెలిందా.
ఆ పెట్టె రుచి చూశా, బానే ఉంది."
బానే ఉంటుంది.
విరిగేదాకా పాలు పాలే.

ఒక్కోసారి ఆవు ఒంటి కణాలూ మెరుస్తాయి.
వాటి నోరు నొక్కే మందు పోసి
పది నిమిషాలు ఆగాలి.
మొదటిసారి ఏడుకే తీసేశానా?
గుర్తు లేదు.
గుర్తు లేదనే రిజిస్టర్లో రాశాను.
రెండోసారి మెరిసింది.
మూడోసారి మెరవలేదు.

"రెండుకి ఒకటి" అన్నాడు విల్మార్,
ఫుట్‌బాల్ స్కోరు చెప్పినట్టు.
ఎవరు గెలిచారో మాత్రం చెప్పలేదు.
ఆపమన్నాను.
తలుపు గట్టిగా వేసుకుని వెళ్ళాడు.

అడుగు అరలోంచి పాత పళ్ళెం ఒకటి తీసి
నలభై ఒకటో పెట్టె పాలు పరిచి
మూత మీద తేదీ వేశాను.
మెరుపు అరగంటలో అరిచి ఊరుకుంది.
ఇది గురువారం దాకా ఆలోచిస్తుంది.

బయట వాన వెలిసింది.
డ్రైవరు ఇంజను ఆపేసి
మాటె గిన్నెలో వేణ్ణీళ్ళు పోసుకుంటున్నాడు.
నన్ను చూసి
తిట్టనూ లేదు, పలకరించనూ లేదు,
గిన్నె మాత్రం ముందుకి చాపాడు.
కంచె అవతల కాలవ మీద
మిణుగురులు, ఒకటీ అరా.
చేదు గుటక మింగుతూ
అలవాటు కొద్దీ
లెక్కపెట్టడం మొదలుపెట్టాను.