పేజీకి మూడు వందలు

గుంటూరు జిల్లా కోర్టు ఎదురు సందులో
జిరాక్సు షాపు మీద గది నాది.
మెట్ల దగ్గర బోర్డు: అనువాదములు చేయబడును.
పెళ్లి సర్టిఫికెట్లు, పుట్టిన తేదీలు,
పోయినవాళ్ల వారసుల పట్టికలు.
పేజీకి మూడు వందలు, అర్జెంటయితే అయిదు.

ఆషాఢంలో జిలానీ లాయరు గారొచ్చి
బల్ల మీద పెన్‌డ్రైవు పెట్టారు.
పద్దెనిమిది శనివారాలున్నాయి అందులో.
తండ్రితో మాట్లాడమని కోర్టు ఇచ్చిన గంటలు:
బ్రాడీపేటలో సాయంత్రం నాలుగున్నర,
హాలెండులో మధ్యాహ్నం పన్నెండు.

పాప పేరు ఊర్వి. ఆరేళ్లు.
కాగితాల్లో మాత్రం "సదరు మైనరు".
అక్కడి జడ్జి వెనక్కి పంపమన్నాడు,
ఇక్కడి జడ్జి ఆగమన్నారు.
"ఆ ఒప్పందం మీద మన దేశం సంతకం లేదమ్మా"
అన్నారు జిలానీ గారు, టీ ఊదుకుంటూ.
నా పని అంతదాకా పోదు.
విన్నది విన్నట్టు ఇంగ్లీషులోకి దించడమే.

మొదటి శనివారం.
"మీరెలా ఉన్నారమ్మా?" అంటాడతను.
"మేం బాగున్నామని చెప్పు"
తెర పక్కనుంచి తల్లి ప్రత్యూష గొంతు.
"మనం బాగున్నాం నాన్నా" అంటుంది పిల్ల.

తప్పు పలికిందనుకుని నవ్వుకున్నాను.
తర్వాత నవ్వు రాలేదు.

మనం నిన్న పుణుగులు తిన్నాం.
మనకి రాత్రంతా కరెంటు లేదు.
మనం కొత్త స్కూల్లో చేరాం, టై కూడా ఇచ్చారు.

అతను ఆ పుణుగులు తినలేదు,
ఆ చీకట్లో విసనకర్ర పట్టలేదు.
అయినా దిద్దలేదు.
"అవునా, మనకి కరెంటు పోయిందా" అన్నాడు.

ముగ్గురే ఉన్న ఇంట్లో నేర్చిన తెలుగు అది.
తలుపు తీస్తే అంతా డచ్చి.
తెలుగొచ్చిన మనుషులందరూ
ఒకే సోఫాలో పట్టేవాళ్లు.
మేం అనాలంటే అవతల ఒకరుండాలి కదా,
ఎవరూ లేరు.

ఇంగ్లీషువాడికి రెంటికీ ఒకటే ముక్క, వుయ్.
వినేవాణ్ణి లోపల కూర్చోబెట్టుకుందో
గుమ్మం బయట నిలబెట్టిందో చెప్పదది.
పేజీ అడుగున చిన్నగా ఒక వివరణ రాశాను.
జిలానీ గారు పెన్నుతో కొట్టేశారు.
"అనువాదం అడిగాం తల్లీ, వ్యాకరణం కాదు."

నాలుగో శనివారం ఖాళీ.
అక్కడ గడియారాలన్నీ గంట ముందుకు జరిపారట ఆ వారం.
అతను తన పన్నెండుకే మోగించాడు,
ఇక్కడ మూడున్నర, ఎవరూ ఎత్తలేదు.
నాలుగున్నరకి జడలు వేయించుకుని
పిల్ల ఫోను ముందు కూర్చుంది.
రెండు పక్షాలూ రాసుకున్నాయి: ఎదుటివారు హాజరు కాలేదు.
ఖాళీకి ఎంత తీసుకోవాలో తెలియక
నేను డబ్బులు వెయ్యలేదు.

ఇంకోటి. ఆమె అతన్ని నాన్నా అంటుంది,
అతనూ ఆమెని నాన్నా అంటాడు,
మనవైపు ముద్దుకి పిలిచినట్టే.
"నాన్నా అన్నం తిన్నావా?" "తిన్నా నాన్నా."
ఎవరి మాట ఎవరిదో తెలియడానికి
వెనక్కి తిప్పి తిప్పి విన్నాను.

పదిహేడో శనివారం.
కుక్కరు రెండు కూతలేసింది.
నాలుగో లైను పిల్లలు కింద నుంచి కేకేస్తున్నారు,
ఊర్వీ, దా, నువ్వే దొంగ.

"నాన్నా, మేం ఆడుకోడానికి వెళ్తున్నాం."

తప్పు లేదు. చక్కటి తెలుగు.
ఎవరు నేర్పారో, బళ్లోనో, మేడ మీదో.
అవతల పదకొండు సెకన్లు ఏమీ లేదు,
ఫ్యాను చప్పుడు తప్ప. అది నాదే కావచ్చు.
"సరే నాన్నా" అన్నాడు,
"మీరు వెళ్లండి."

వుయ్, అని కొట్టాను.
మొదటి పేజీ తీసి పక్కన పెట్టి చూశాను.
అదే మాట. ఒక్క అక్షరం తేడా లేదు.

ఇప్పటికి నలభై ఒక్క పేజీలయ్యాయి.
పద్దెనిమిదోది ఇంకా తెరవలేదు.
గురువారానికల్లా కావాలన్నారు.
అర్జెంటు రేటు వేస్తాను.