తాళింటివాళ్ళం

మీసేవలో కుర్రాడు తలెత్తకుండా అడిగాడు:
"ఇంటిపేరు సెప్పండమ్మా. తాళింటా, తాళ్ళింటా?"
ఇప్పటికే మూడు కార్డుల్లో మూడు రకాలుగా ఉన్నాం మేం.

మా తాత లెక్క వేరు.
తాళం వేసిన ఇల్లట మాది. కళింగపట్నం ఉప్పుకొటారు తాళంచెవులు
మొలతాడుకి కట్టుకు తిరిగేవాళ్ళమట.
ఆ మాట చెప్పేటప్పుడు చెయ్యి నడుం మీదకి పోయేది,
అక్కడ బీడీకట్ట తప్ప ఏమీ లేకపోయినా.
పెద్దత్త ఒప్పుకోదు. "తాళాలేటి నీ మొకం!
తాళమంటే తాటిచెట్టు. మనది తాటితోపు."
ఆ తోపెక్కడా అంటే
సముద్రం వైపు చూపిస్తుంది.

సరుగుడు తోట వెనక ఒక దొర సమాధి ఉంది.
మేకలు ఎక్కి పడుకుంటాయి.
మొదటి అక్షరాన్ని ఉప్పుగాలి నాకేసింది.
మిగిలినవి వేలితో తడిమాను, సున్నం రాలుతుంటే:
ఆలెంటైర్.
ముందు ఏ అక్షరం పెట్టాలో
నా నాలుకకి తెలుసు.

నెత్తురు కాదు, ముందే చెబుతున్నా.
మా ఒంట్లో దొర లేడు.
రేవులో తెప్ప తోసే పోలిగాడు ఉన్నాడు.
జీతాల పుస్తకంలో పోలిగాళ్ళు పదకొండుమందై ఉంటారు;
గుమస్తా విసిగి ఒకడి పక్కన రాసుంటాడు,
టాలెంటైర్ గారి పోలిగాడు అని.
ఇదంతా నా ఊహే. పుస్తకాన్ని చెదలు చదివేశాయి.
దొర జ్వరంతో పోయాడు. ఓడలు పోయాయి. రేవు పోయింది.
'గారి' ఎక్కడో జారిపోయింది.
పేరు మాత్రం పోలిగాడి దగ్గర ఉండిపోయింది,
అడగడానికి ఎవరూ రాని గొడుగులా.

దాని అర్థం కూడా వెతికాను.
ఇంగ్లండుకి ఉత్తరాన చిన్న ఊరట.
మాటేమో ఇంగ్లీషు కూడా కాదట,
అంతకుముందు అక్కడ బతికి
భాష పోగొట్టుకున్నవాళ్ళదట:
నేల చివర.

నవ్వొచ్చింది.
ఇన్ని సముద్రాలు దాటొచ్చిన పేరు
మళ్ళీ నేల చివరే దిగింది,
వంశధార కలిసేచోట, లైట్‌హౌస్ కింద.

తిత్లీ వచ్చిన రాత్రి మా పెరడు నాలుగు గజాలు కోసుకుపోయింది.
పొద్దున్నే తాత అంచున నిలబడి
మడమతో గీత గీశాడు: "ఇక్కడిదాకా మనదే."
మర్నాటికి గీత లేదు.

"బేగి సెప్పండమ్మా. ఎనక లైనుంది."
తాళింటి, అన్నాను. ళ ఒకటే.
టకటకా కొట్టి కాగితం చేతిలో పెట్టాడు.
తాలింటి.

పోనీలే అనుకున్నాను.
దొరకి కాస్త దగ్గరయ్యాం.